సైదాపురం అభ్రకం దిబ్బల్లో గాలి దారి

గూడూరు నుంచి సైదాపురం వైపు వెళ్తుంటే, దారి పక్క మట్టిలో కాకిబంగారం, అంటే అభ్రకం, పలుకులు ఎండకు మెరుస్తూ కనిపిస్తాయి. పోయిన జనవరిలో నేను అటు వెళ్లింది, పాత అభ్రకం గనుల వాళ్లు వదిలేసిన రాతి దిబ్బల్లోకి గాలి ఎలా చొరబడుతుందో చూడటానికి. గని వ్యర్థాలనగానే అందరూ నీటి కాలుష్యం గురించే మాట్లాడతారు గానీ, గంధకమున్న రాళ్ల విషయంలో ఆ నీరు పాడవడానికి ముందు లోపలికి ఆక్సిజన్ చేరాలి.

ఒకప్పుడు గనిలో పనిచేసిన పెద్దాయన ఒకరు తోడు వచ్చారు. వ్యర్థాన్ని తట్టలతో దిబ్బ అంచు మీదినుంచి కుమ్మరించేవాళ్లమని, పెద్ద రాళ్లు దొర్లి అడుక్కి పోయేవని, పొడి పైనే నిలిచేదని ఆయన చెప్పారు. ఇప్పటికీ దిబ్బ అలాగే ఉంది: పాదం దగ్గర చెయ్యి దూరేంత సందులున్న పలుగురాళ్లు, పైకి పోయేకొద్దీ నలిగిన రేకులు, మట్టి.

"సందుల్లో పాములుంటాయి, చెయ్యి పెట్టబాక నాయనా" అన్నారాయన. చేతికి బదులు వెలిగించిన అగరుబత్తిని ఒక సందు ముందు పట్టుకున్నాను. చలి ఇంకా వదలని ఆ ఉదయం, పొగ పైకి లేవకుండా అడ్డంగా వంగి రాళ్ల మధ్యకు పోయింది. దిబ్బ లోపలి గాలి బయటికన్నా వెచ్చగా ఉన్నప్పుడు తేలికై పైనుంచి వెళ్లిపోతుంది, ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లగాలి వస్తుంది. పొయ్యి గొట్టం పనిచేసే తీరు ఇదే.

ఇక్కడి రాయిలో ఉన్నది ప్రధానంగా అభ్రకం, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్. వాటిని ఆక్సిజన్ పెద్దగా మార్చలేదు. అదే పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉన్న దిబ్బయితే, ఆక్సిజన్, నీరు కలిసి దాన్ని ఆమ్లంగా, కరిగిన ఇనుముగా మారుస్తాయి. ఆ చర్యలో పుట్టే వేడి మరింత గాలిని లోపలికి లాగుతుంది, ఆ గాలి మళ్లీ వేడిని పెంచుతుంది. అందుకే అంచు మీదినుంచి కుమ్మరించడం నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ పద్ధతి: గాలికి కావలసిన ద్వారాన్ని మనమే అడుగున కట్టి ఇస్తున్నాం.

మెత్తని వ్యర్థం సంగతి వేరు. దిబ్బ పక్క పల్లంలో పేరుకున్న పొడిని పుల్లతో గీరితే, పైపొర కింద తడి తగిలింది. సందులు నీటితో నిండితే గాలి ప్రవాహం ఆగి, ఆక్సిజన్ వ్యాపనం మీదే, అంటే అణువులు తమంతట తాము మెల్లగా విస్తరించడం మీదే, ఆధారపడాలి. నీటిలో ఆ వ్యాపనం గాలిలోకన్నా సుమారు 10,000 రెట్లు నెమ్మది. పైగా లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, లీటరు నీటిలో కరిగేది 8 మిల్లీగ్రాముల దాకానే. కాబట్టి ఆమ్లం పుట్టించే వ్యర్థం మీద తడిని నిలుపుకునే బంకమట్టి పొర వేయడం మంచి ఉపాయమే, కానీ నెల్లూరు ఎండలకు అది ఆరి నెర్రెలిస్తే ఆక్సిజన్‌కు మళ్లీ దారి దొరుకుతుంది. పొర మందాన్ని వానాకాలపు తడిని చూసి కాక, మే నెలను చూసి నిర్ణయించాలి.