పాత ఎక్స్‌జేఆర్ చూసొచ్చా

బర్మింగ్‌హామ్ దగ్గర ఒకాయన అమ్ముతున్న 1999 జాగ్వార్ ఎక్స్‌జేఆర్ కారు చూసొచ్చా, ఇంకా అదే ధ్యాస. 4 లీటర్ల వీ8, సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది), 370 హార్స్‌పవర్, అయినా ఐడిల్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉందా లేదా అనిపిస్తుంది, కాస్త గట్టిగా తొక్కితే మాత్రం సన్నగా ఈల మొదలై సీటుకి అతుక్కుపోతాం, అబ్బా ఏం లాగుతుందో! వీటిలో మొదట్లో వచ్చిన టైమింగ్ చైన్ టెన్షనర్లు (ఇంజిన్ లోపలి గొలుసుని బిగుతుగా పట్టి ఉంచేవి) ప్లాస్టిక్‌వి, విరిగితే ఇంజినే పోవచ్చు, అందుకే ముందు ఆ బిల్లే అడిగా, మెటల్‌వి వేయించిన కాగితం తీసి చూపించాడు, మంచి ఓనర్. లెదర్ డ్రైవర్ వైపు అంచున పగుళ్లిచ్చింది, పర్లేదు. అసలు భయం తుప్పే, ఇక్కడ చలికాలం రోడ్లకి ఉప్పు చల్లుతారు కదా, వెనక వీల్ ఆర్చ్ అంచు తడిమితే పెయింట్ పొంగి చేతికి తగిలింది. లిఫ్ట్ ఎక్కించి కింద సిల్స్ (తలుపుల కింద ఉండే బాడీ అంచులు) చూశాకే రేటు మాట్లాడదాం అన్నా, సరే అన్నాడు.