బోర్లించిన ట్యాబ్

మా వాడికి ఏడేళ్లు. రెండు నెలల క్రితం ఉన్నట్టుండి బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్లడం మానేశాడు. నేను తలుపు బయట నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. ఒక్క క్షణం ఆపితే "అమ్మా, ఉన్నావా?" అని కేక. స్కూల్లో ఎవరైనా భయపెట్టారేమో అనుకున్నాను. ఎన్నిసార్లు అడిగినా "ఏం లేదు" అనేవాడు.

నాలుగో రోజు రాత్రి ట్యాబ్‌లో యూట్యూబ్ హిస్టరీ తీశాను. మొదటి రోజే ఆ పని చేయాల్సింది. వాడు చూసేది క్లే బొమ్మలు చేసే వీడియోలేనని నా ధీమా. నిజమే, మొదటిది అదే. తర్వాత ఇంకో బొమ్మల వీడియో, ఆ తర్వాత బొమ్మకి ఇంజెక్షన్, ఆపైన బొమ్మకి పళ్లు పీకడం. పదకొండోదానికి వచ్చేసరికి చీకటి బాత్రూమ్ అద్దంలోంచి నవ్వే ముఖం! వాడు వెతికింది మొదటిదొక్కటే, మిగతా పదీ ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలుపెట్టే ఆటోప్లే పుణ్యం. ఆ సమయంలో నేను పక్క గదిలోనే ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను, పిల్లాడు ఎంత బుద్ధిగా కూర్చున్నాడో అని మురిసిపోతూ.

2017లో కార్టూన్ బొమ్మల ముసుగులో వచ్చే భయంకరమైన వీడియోల మీద పెద్ద గొడవే జరిగింది. దానికి 'ఎల్సాగేట్' అని పేరు కూడా పెట్టారు. అప్పట్లో నేనూ చదివాను. అయ్యో, ఎవరి పిల్లలో అనుకుని ఊరుకున్నాను.

పైగా ఆ ట్యాబ్‌లో ఉన్నది నా అకౌంట్. నిద్ర పట్టని రాత్రుళ్లు నేను చూసే క్రైమ్ కథలు, పగలు వాడు చూసే బొమ్మలు, అన్నీ ఒకే హిస్టరీలో. యాప్ లెక్కలో మేమిద్దరం ఒకే మనిషి. బొమ్మలూ హత్యలూ రెండూ ఇష్టపడే మనిషికి ఏం చూపించాలో అదే చూపించింది.

హిస్టరీ చెరిపేశాను, ఆటోప్లే ఆపేశాను. వాడికి విడిగా యూట్యూబ్ కిడ్స్ పెట్టాను. అందులో నాలుగేళ్ల వరకు, 5–8, 9–12 అని వయసుల వారీగా ఉంటుంది కానీ, నాకు నచ్చింది వేరే సెట్టింగ్. మనం ఒప్పుకున్న వీడియోలు, ఛానెళ్లే కనిపిస్తాయి, వెతకడం కుదరదు. ఆ ఛానెళ్లు ఏరడానికి ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పోయిందనుకోండి. ఇంకోటి, సెట్టింగ్స్‌లోకి వెళ్లాలంటే అది ఒక గుణకారం లెక్క అడుగుతుంది. ఎక్కాలు వచ్చిన అక్క ఉన్న ఇంట్లో అదేం తాళం? సొంత పాస్‌కోడ్ పెట్టుకున్నాను.

ఆ అక్కకి పద్నాలుగు. దాని దగ్గర తాళాలు పనిచేయవు, "ఫ్రెండ్ ఫోన్‌లో చూస్తాలే" అంటుంది. ఒక్క ఎక్సర్‌సైజ్ వీడియో చూసిన పాపానికి వారమంతా బరువు తగ్గే వీడియోలే వచ్చాయట. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కదానికీ 'నాట్ ఇంట్రెస్టెడ్' నొక్కుకుంటూ పోయాం. సగంలో దానికి విసుగొచ్చింది, నాకూ వచ్చింది.

వాడు ఆ అద్దం వీడియో గురించి నాలుగు రోజులు ఎందుకు దాచాడో చివరికి చెప్పాడు. "చెప్తే ట్యాబ్ తీసేసుకుంటావుగా." కాదనలేకపోయాను. అంతకుముందు ఒకసారి అక్క ఏదో చూపించబోతే నేను చేసింది అదే. పక్కనే ఉండి వాడు చూశాడు.

అందుకని ఒక ఒప్పందం చేసుకున్నాం. భయం వేసినా, అర్థం కాకపోయినా ట్యాబ్ బోర్లించి నా దగ్గరికి తేవాలి. నేను అరవను, లాక్కోను. వాడు దీన్ని రెండుసార్లు నాతో చెప్పించుకున్నాడు.

మొన్న సాయంత్రం మీటింగ్ మధ్యలో వచ్చి ట్యాబ్ బోర్లించి నా ఒళ్లో పెట్టాడు. "నువ్వు చూడు, నేను చూడను" అని కళ్లు మూసుకున్నాడు. నా గుండె ఆగినంత పనైంది. కెమెరా ఆపి తిప్పి చూశాను. మొసలి ఆవలిస్తోంది, అంతే. ఆ ఆదివారం నేనే ఏరి పెట్టిన జంతువుల ఛానెల్ అది.

"అమ్మా, పోయిందా?"

"ఆవలిస్తోందిరా, నిద్రొస్తోంది దానికి."

ఒక కన్ను తెరిచి చూశాడు.