ట్యాంక్ కవర్లో డబ్బా
మే నెల ఎండలో నా వీర్యం శాంపిల్ డబ్బాను బైక్ ట్యాంక్ కవర్లో పెట్టుకుని ఎర్రగుంట్ల నుంచి కడప ల్యాబ్‌కు వెళ్లాను. చేరేసరికి గంటన్నర. డబ్బా చేతికి వేడిగా తగిలింది. రిపోర్టులో కదిలే వీర్యకణాలు చాలా తక్కువ. ఆ రాత్రి మా ఆవిడా నేనూ అన్నం ముట్టలేదు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి ముందు అడిగింది ఒకటే: "ఎట్ల తెచ్చినావప్పా?"

గంటలోపు ఇవ్వాలంట. చొక్కా లోపల, ఒంటికి ఆనించి తేవాలంట. ఎండైనా, ఐసైనా దెబ్బే. బయట ఆరిపోతే నిమిషాల్లో చచ్చే ఈ కణాలు, స్త్రీ శరీరంలో మాత్రం 5 రోజుల దాకా బతకగలవు. అండానికి ఉండేది మహా అయితే 24 గంటలు. అందుకే అండం విడుదలకు ముందు రోజులే ముఖ్యమని చెప్పింది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో అయితే ఏళ్ల తరబడి దాచొచ్చంట!

కొన్ని వారాల తర్వాత, 3 రోజులు వీర్యం పోకుండా ఆగి, ల్యాబ్ గదిలోనే శాంపిల్ ఇచ్చాను. ఈసారి రిపోర్టు బాగుంది.

మూడేళ్లుగా "ఏమైనా విశేషమా" అని అందరూ ఆమెనే అడిగారు. సూదులన్నీ ఆమెకే. నా పరీక్షకు మూడేళ్లు పట్టింది. బస్టాండ్ దగ్గర టీ తాగుతూ ఆమెకు సారీ చెప్పాను.