మండపేట బియ్యం ఓడెక్కేదాకా

మండపేట నుంచి కాకినాడ ఎంత దూరమంటే రామచంద్రపురం మీదుగా యాభై కిలోమీటర్ల లోపే. ఆ కాస్త దూరం దాటి ఓడలో కుదురుకోవడానికి బాయిల్డ్ బియ్యం బస్తాకి వారాలు పడుతుంది. ఎక్కడ పడుతోందో చూద్దామని మిల్లు దగ్గర లారీ ఎక్కాను. లోడింగ్ పొద్దున్నే అన్నారు గానీ బండి కదిలేసరికి మధ్యాహ్నం దాటింది. ముందు బండ్లు కాటా దగ్గర బారు తీరి ఉన్నాయి. పక్కనే తాపేశ్వరం. కాజాలకి వెళ్లొచ్చేంత టైముంది, కానీ వరస తప్పుతుందేమోనని డ్రైవరు కదలనివ్వడే!

మాది పది టైర్ల బండి. 2018లో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితి పెంచాక ఈ బండి బరువూ సరుకూ కలిపి 28.5 టన్నుల దాకా తూగొచ్చు. అంతకు ముందు 25. ఖాళీ బండి పది టన్నుల దగ్గర తూగుతుంది కాబట్టి 18 టన్నులు వేసుకోవచ్చు. యాభై కిలోల బస్తాలైతే 360. ఇంకో నలభై బస్తాలు పడేయమని మిల్లు గుమాస్తా అడిగితే డ్రైవరు ఒప్పుకోలేదు. 2019 సవరణ తరవాత ఓవర్‌లోడ్ జరిమానా 20 వేల రూపాయలు, ఆపైన అదనపు టన్నుకి మరో రెండు వేలు. నలభై బస్తాలంటే రెండు టన్నులు. దొరికితే ఈ ట్రిప్పు కిరాయే కాదు, వచ్చే ట్రిప్పుది కూడా అందులోకే పోతుంది.

బస్తాలెక్కించే ముందు క్లీనరు బండి అడుగంతా చీపురుతో ఊడ్చి టార్పాలిన్ పరిచాడు. ఈ బండ్లే తిరుగు ప్రయాణంలో ఎరువులు మోస్తాయి. పలకల సందుల్లో యూరియా గింజలుండిపోతే అడుగు వరస బస్తాలకి చెమ్మ పడుతుంది. యూరియా గాల్లో తేమని లాక్కుంటుంది మరి. గోడౌన్ దగ్గర సూపర్‌వైజరు మొదట చూసేదీ అడుగు వరసే. మరక కనిపిస్తే ఆ బస్తాలు పక్కకి పోతాయి, ఆ లెక్క లారీ వాడి కిరాయిలో కోత.

దారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కరప దాటేదాకా కాలవలూ వరి చేలే, గుంతలు ఉండాల్సిన చోటే ఉన్నాయి. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక తవ్విన కాలవలు నీళ్లకే కాదు, పడవలకి కూడా. లాకుల్లోంచి దిగుతూ ధాన్యం పడవలు కాకినాడ రేవుకి చేరేవి. ఇప్పుడు ఆ కాలవ గట్ల మీద లారీలు పోతున్నాయి, ఒకదానికొకటి ఎదురైతే రెండూ ఆగాల్సిందే. అభివృద్ధి అంటారు దీన్ని.

కాకినాడ శివార్లలో గోడౌన్ల వరస చేరేసరికి చీకటి పడింది. అక్కడ అసలు కథ. బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి బియ్యం తీస్తారు. తేమ మీటర్లో పోస్తారు. 14 శాతం దాటితే చాలా ఒప్పందాల్లో సరుకు తీసుకోరు. నూక ఎంతుందో పళ్లెంలో ఏరి తూస్తారు. ఈమధ్య ఇంకో పరీక్ష కలిసింది. రేషన్ బియ్యంలో వందకి ఒక కిలో లెక్కన ఇనుము, విటమిన్లు కలిపిన బలవర్ధక గింజలుంటాయి కదా. అనుమానమొస్తే పొటాషియం థయోసయనేట్ ద్రావణం, కాస్త ఆమ్లం వేసి చూస్తారు. ఇనుమున్న గింజ ఎర్రబడుతుంది. 2024 నవంబరు చివర ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఇక్కడికొచ్చి స్టెల్లా ఎల్ అనే ఓడ దగ్గర, రేషన్ బియ్యం దొంగగా ఎగుమతవుతోందని గట్టిగా మాట్లాడిన సంగతి అందరికీ తెలిసిందే. తనిఖీ అవసరమే, కాదనను. కానీ పరీక్ష చేసే చేతులు నాలుగు, బండ్లు నలభై అయితే నిజాయితీగా మిల్లు బియ్యం తెచ్చినవాడు కూడా అదే వరసలో రాత్రంతా దోమలతో పడుకోవాలి.

"బండి కదిలితేనే కిరాయండి, నిలబడితే అప్పేనండి" అన్నాడు డ్రైవరు, టీ గ్లాసు నాకందిస్తూ. ఆ టీ పదిహేను రూపాయలు. పాలు తగలని నీళ్లకి అదీ ధర. హాల్టింగ్ డబ్బులు మొదటి రోజు ఎవరూ ఇవ్వరు. రెండో రోజు నుంచి అడగాలి, అడిగితే వచ్చే లోడు ఇంకొకరికి పోతుంది. అందుకని అడగరు. ఈ ఖర్చు ఏ ఎగుమతి లెక్కలోనూ కనపడదు.

గోడౌన్లో దిగిన బస్తా వెంటనే ఓడకి పోదు. బస్తాలు పేర్చి నెట్టు కట్టి, గాలి దూరని షీటు కప్పి, అంచుల మీద ఇసక పాములు (ఇసక నింపిన పొడవాటి సంచులు) పెట్టి పురుగు మందు వేస్తారు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు, ఒక్కోటి మూడు గ్రాములు, టన్నుకి మూడు. గాల్లో ఉన్న తేమ తగిలి బిళ్ల నుంచి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. పని నెమ్మదిగా జరుగుతుంది, ఐదు నుంచి ఏడు రోజులు కదపకూడదు. ఓడ వచ్చేసిందని తొందరపడి మూడో రోజే షీటు తీస్తే పెద్ద పురుగు చస్తుంది, గుడ్డు బతుకుతుంది. అది సముద్రం మీద పొదిగి ఆఫ్రికా రేవులో బయటపడుతుంది. షీటుకి చిన్న చిరుగు ఉన్నా అంతే సంగతి, గ్యాసు పోతుంది, రోజులూ పోతాయి. మందు వేసినట్టు పత్రం, మొక్కల క్వారంటైన్ అధికారి ఇచ్చే పత్రం, కస్టమ్స్ షిప్పింగ్ బిల్లు, ఇవన్నీ ఈ ఏడు రోజుల్లోనే నడిపించుకున్నవాడు తెలివైనవాడు. ఒకదాని తరవాత ఒకటని కూర్చున్నవాడి సరుకు ఇంకో వారం అక్కడే.

కాకినాడ తెలియనివాళ్లకి ఒక మాట. ఇక్కడ బియ్యం రేవు రెండు రకాలు. 1997లో మొదలైన డీప్ వాటర్ పోర్టులో ఓడ ఒడ్డుకే వచ్చి ఆగుతుంది. పాత యాంకరేజ్ పోర్టులో ఓడ దూరంగా అఖాతంలో లంగరేస్తుంది, సరుకు బార్జీల మీద దాని దగ్గరికి పోతుంది. 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ అడ్డం పడుకుని కెరటాల్ని ఆపుతుంది కాబట్టి ఆ పని సాధ్యం. అది లేకపోతే బార్జీని ఓడ పక్కన నిలబెట్టడమే కుదరదు. దశాబ్దాలుగా బియ్యమంతా ఇలా బార్జీల మీదే పోయింది. 2020 చివర్లో ఎగుమతులు పెరిగి, కంటైనర్లు దొరక్క అందరూ మామూలు ఓడలకి ఎగబడితే యాంకరేజ్‌లో ఓడలు నాలుగు వారాల దాకా వరసలో ఉండాల్సొచ్చింది. 2021 ఫిబ్రవరిలో డీప్ వాటర్ పోర్టులో కూడా బియ్యం ఎక్కించడానికి ప్రభుత్వం అనుమతిచ్చాక గానీ ఆ ముడి కాస్త వదలలేదు. పక్కపక్కనే ఉన్న రెండు రేవుల మధ్య ఆ ఒక్క కాగితం రావడానికి అన్నాళ్లు పట్టింది.

సరుకు ఎక్కించే ఏజెంటు పాస్ ఇప్పిస్తే కాలవలో బార్జీల దగ్గరికి వెళ్లాను. జగన్నాథపురం వంతెన మీద నుంచి చూసేవాళ్లకి ఉప్పుటేరులో తుప్పు పట్టిన ఇనుప పడవల్లా కనిపిస్తాయే, అవే. వీటిలో చాలావాటికి ఇంజను ఉండదు, టగ్గు లాగాలి. నిండిన బార్జీ లోతుగా దిగుతుంది, కాలవ మొగలో ఇసక మేట ఉంటుంది. అందుకని పోటు కోసం చూడాలి. పోటుకీ పాటుకీ తేడా మీటరు పైచిలుకే, ఆ మీటరే ఎవరు ముందు పోవాలో తేలుస్తుంది. డ్రెడ్జింగ్ ఆలస్యమైన ఏడు బార్జీని నిండా నింపరు. పది ట్రిప్పుల సరుకు పన్నెండు ట్రిప్పులవుతుంది, టగ్గు డీజిలు ఆ మేర పెరుగుతుంది.

బస్తా ఎన్ని చేతులు మారుతుందో ఇక్కడ లెక్క తేలింది. మిల్లు దగ్గర లారీలోకి, గోడౌన్లో కిందకి, మళ్లీ లారీలోకి, అక్కడి నుంచి బార్జీలోకి, బార్జీలోంచి స్లింగులోకి (క్రేను ఎత్తే తాళ్ల కట్టు), చివరికి ఓడ హేచ్‌లో, అంటే సరుకు గదిలో, వరసలోకి. ఆరుసార్లు, ఆరుసార్లూ మనిషి వీపు మీదే. 30 వేల టన్నుల ఓడంటే ఆరు లక్షల బస్తాలు. మా బండి లాంటివి 1,660 పైన. బస్తా మీద ఫ్రెంచిలో అచ్చు, దిగువన కొక్కెం బొమ్మ గీసి దాని మీద ఇంటూ గుర్తు. కొక్కేలు వాడొద్దని. ముఠా జట్టులో సగంమంది నడుముకి కొక్కెం ఉంది. ప్లాస్టిక్ సంచీ చెమట చేతికి జారుతుంది, వంచి పట్టుకునే చెవులు ఉండవు, ఇంకెలా లాగుతారు? చిరిగిన బస్తాల కోసం ఒప్పందంలోనే నూటికి రెండు ఖాళీ సంచులు పెట్టడం ఈ వ్యాపారంలో మామూలు. బార్జీ అడుగున ఒలికిన బియ్యం ఊడ్చి వేరే కుప్ప పోస్తారు, దాన్ని మంచి సరుకులో కలపకూడదు. కొక్కెం మాన్పించాలంటే చెవులు కుట్టిన సంచీ ఇవ్వాలి. సంచీ ఖరీదు పెంచడానికి కొనేవాడూ అమ్మేవాడూ ఒప్పుకోరు.

ఓడ పక్కకి బార్జీ చేరాక ఓడ మీది క్రేనే స్లింగులు ఎత్తుకుంటుంది. ఇక్కడ ఒడ్డు క్రేను లేదు కాబట్టి సొంత క్రేన్లున్న ఓడలే యాంకరేజ్‌కి రావాలి. ఒక స్లింగుకి ముప్పై నలభై బస్తాలు. హేచ్ అడుగున, పక్కన ఇనుప గోడల వెంట వెదురు చాపలూ దళసరి కాగితమూ పరిచి ఉన్నాయి. రాత్రి ఇనుము చల్లబడితే బియ్యం వదిలిన తేమ దాని మీద చెమటలా పడుతుంది. బస్తా గోడకి తగిలితే అక్కడ గడ్డ కట్టి బూజు పడుతుంది. పరిచేవాడి బద్ధకం నెల రోజుల తరవాత అవతలి రేవులో పరిహారం దావాగా తేలుతుంది. పరిచే పని పగటి పూటే చేయించాలి, ఇది నా అభిప్రాయం. లైట్ల కింద మూలలు ఎవరూ చూడరు.

నేను ఉండగానే మబ్బు పట్టింది. చినుకు పడకముందే మేట్ (లోడింగ్ చూసే ఓడ అధికారి) హేచ్ మూయించేశాడు. జట్టు బార్జీ మీద టార్పాలిన్ లాగి కూర్చుంది. వాన కురిసింది పావుగంట. పని మళ్లీ మొదలవడానికి రెండు గంటలు పట్టింది. మూత మీద నీళ్లు తుడవాలి, అంచుల్లో నిలిచినవి పోవాలి. అద్దె ఒప్పందంలో వాతావరణం అనుకూలించిన పని రోజులే లెక్క. ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి మొదలైందని ఓడవాళ్లూ ఏజెంటూ నిమిషాలతో సహా రాసుకుంటారు. ఆ రెండు గంటలు ఎవరి ఖాతాలో పడాలన్న దాని మీదే తరవాత డెమరేజ్ (ఓడ ఆలస్యానికి కట్టే పరిహారం) డాలర్ల గొడవ. రోజుకి రెండు వేల టన్నులు ఎక్కితే 30 వేల టన్నులకి పదిహేను రోజులు. అక్టోబరు, నవంబరుల్లో మూడో నంబరు హెచ్చరిక ఎగరేస్తే బార్జీలు అసలు బయటికే రావు.

వాన సరే, దాన్ని ఊహించుకోవచ్చు. ఢిల్లీ నుంచి వచ్చే కాగితాన్ని ఎవరూ ఊహించలేరు. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపేశారు. అప్పటికే లోడింగ్ మొదలైన ఓడల్నీ, షిప్పింగ్ బిల్లు పడి, లంగరేసి, రొటేషన్ నంబరు (రేవులో ఓడకి కేటాయించే నంబరు) వచ్చిన ఓడల్నీ వదిలారు. నంబరు ఒక్క రోజు ఆలస్యమైన వాడి సరుకు గోడౌన్లో. 2023 జూలై 20న తెల్ల బియ్యం నిషేధం, ఆగస్టు 25న బాయిల్డ్ మీద 20 శాతం సుంకం. 2024 సెప్టెంబరు, అక్టోబరుల్లో గానీ ఈ చివరి రెండూ ఎత్తేయలేదు. అలాంటి రోజుల్లో ఊరి బయట గోడౌన్లు నిండి, లారీలే గోడౌన్లవుతాయి. ఇంత జరిగినా యాంకరేజ్ ఎందుకు బతికుందంటే, బెర్తు ఖాళీ అవ్వాలన్న బెంగ లేదు. ఆరు ఓడలొచ్చినా ఆరూ లంగరేసి ఒకేసారి పని మొదలుపెట్టొచ్చు, బార్జీలూ జట్లూ ఉంటే. ఓడలు పెరిగినప్పుడు కరువొచ్చేది వాటికే.

హేచ్ నిండాక మేట్ రసీదు ఇస్తాడు. అందులో "కొన్ని బస్తాలు చిరిగినవి" అని రాశాడంటే ఆ మాటే సరుకు పత్రంలోకీ ఎక్కి బ్యాంకులో డబ్బు చిక్కుల్లో పడుతుంది. అందుకే చిరిగినవి పైన కనపడకుండా ముందే మార్చేయాలని ఏజెంటు ఆరాటం. ఆఖర్న హేచ్ లోపల మళ్లీ మందు పెట్టి మూసేస్తారు, ప్రయాణంలోనే పని చేస్తుంది.

నన్ను తెచ్చిన బండి తిరుగు లోడుకి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందు ఉంది. రామచంద్రపురానికి ఎరువులున్నాయి, కానీ ర్యాకు (ఎరువుల గూడ్సు రైలు) రేపు ఖాళీ చేస్తారట. ఈ రాత్రికి హాల్టింగ్ ఇస్తారా అని డ్రైవరు అడిగితే, గుమాస్తా "చూద్దాం లెండి" అన్నాడు. డ్రైవరు క్లీనర్ని పిలిచి టార్పాలిన్ మడవమన్నాడు, ఖాళీగానే బయల్దేరాం.