వయ్యారిభామ గాలికి రేగిన నా ఎగ్జిమా

నాకు చిన్నప్పటి నుంచి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా ఉంది. దాంతో సర్దుకుపోవడం అలవాటైంది. కానీ ఆ వానాకాలం కనురెప్పలు, మెడ, చెవుల వెనక కూడా మంట మొదలైంది. దురదకు రాత్రిళ్లు నిద్ర లేదు. సబ్బు మార్చాం, ఇంట్లో వంకాయ, గోంగూర మాన్పించారు. ఏం తగ్గలేదు.

స్కిన్ డాక్టరు గారు గడ్డం ఎత్తమన్నారు, కళ్లు మూయమన్నారు. "ఎండకు వచ్చేదైతే గడ్డం కింద, చెవి వెనక ఇంతగా ఉండదమ్మా. ఎండ పడని చోటికి కూడా గాలి వెళ్తుంది. ఇంటి దగ్గర వయ్యారిభామ ఉందా?" అన్నారు. మా పక్క ఖాళీ ప్లాటంతా అదే, నడుమెత్తున పెరిగి తెల్లగా పూసింది.

నిర్ధారణకు ప్యాచ్ టెస్ట్ చేశారు. వీపు మీద చిన్న చిన్న బిళ్లల్లో రకరకాల పదార్థాలు పెట్టి టేపుతో అంటించారు. 48 గంటలు వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, లేకపోతే ఫలితం తప్పొచ్చు. అన్నిటికంటే కష్టం, గోక్కోకుండా ఉండటం. 48 గంటలకు టేపు తీసి చూశారు, నాలుగో రోజు మళ్లీ చూశారు. అమ్మ ఫోన్‌లో ఫొటో తీసి చూపించింది: మిగతా గళ్లలో చర్మం మామూలుగానే ఉంది, పార్థీనియం, అంటే వయ్యారిభామ, పెట్టిన చోట మాత్రం ఎర్రగా ఉబ్బి సన్నటి నీటి పొక్కులు.

పుప్పొడి ఒక్కటే కాదట, ఎండిన మొక్క నూగు, ఆకుల పొడి కూడా గాలిలో లేస్తాయి. వాటిలోని పార్థీనిన్ అనే పదార్థం చర్మంలోకి దిగితే, దాన్ని ముందే గుర్తుపెట్టుకున్న రోగనిరోధక కణాలు ఎదురుతిరుగుతాయి. ఎగ్జిమా చర్మానికి పై పొరే బలహీనం, అడ్డు తక్కువ. పైగా తుమ్ముల్లా వెంటనే రాదు, ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. అప్పటికి మనం నిన్న తిన్న కూరను అనుమానిస్తుంటాం. పథ్యాలు పెట్టే ముందు చుట్టూ ఏం పెరుగుతుందో చూడాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముఖానికి తక్కువ ఘాటు ఆయింట్‌మెంట్, మెడకు వేరేది, డాక్టరు చెప్పినన్ని రోజులే రాశాను. స్నానం కాగానే మాయిశ్చరైజర్ రాస్తున్నాను. బయటి నుంచి రాగానే ముఖం కడిగి బట్టలు మారుస్తున్నాను. వానాకాలంలో బట్టలు డాబా మీద ఆరేయడం లేదు. మొక్కలు పీకే పని తమ్ముడిది. గ్లౌజులు, మాస్కు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని, పూత రాకముందే వేళ్లతో సహా తీసేస్తాడు. విత్తనాలు మట్టిలో ఉండిపోతాయి కాబట్టి ఒక్కసారితో అయిపోదు, వాన పడ్డాక మళ్లీ మొలుస్తుంది. అందుకే ప్లాటు యజమానితో కూడా మాట్లాడాం.