తప్పు వెనక బండిది, బోనస్ పోయింది నాది

పోయిన సంవత్సరం సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగొచ్చిన వారంలోనే జరిగింది ఇది. నిజాంపేట్ నుంచి ఆఫీసుకి పోతూ జేఎన్‌టీయూ దగ్గర సిగ్నల్ పడితే ఆగాను, ముందు ఆర్టీసీ బస్సు, హ్యాండ్‌బ్రేక్ లాగి పెట్టాను, బండి అంగుళం కూడా కదల్లేదు, వెనకనుంచి ఒక క్యాబ్ వచ్చి గుద్దేసింది. దిగి చూస్తే బంపర్ పగిలి వేలాడుతోంది, కుడివైపు టెయిల్ ల్యాంప్ ముక్కలైపోయింది, డిక్కీ డోర్ లోపలికి సొట్ట పడింది.

క్యాబ్ అబ్బాయి వెంటనే దిగి దణ్ణం పెట్టేశాడు. "అన్నా, రాత్రంతా ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు కొట్టిన, కన్ను అంటుకున్నది, తప్పు నాదే అన్నా, కేసు మాత్రం పెట్టకున్రి" అన్నాడు. పాతికేళ్ళు కూడా ఉండవేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చూసి నాకే బాధేసింది. వెనకాల హారన్లు మోగిపోతున్నాయి. నాకు ఇన్సూరెన్స్ ఉంది కదా, వాళ్ళే చూసుకుంటార్లే అనుకున్నా. రెండు ఫొటోలు తీసుకుని పంపించేశా. అతని పాలసీ అడగలేదు, లైసెన్స్ అడగలేదు, ఫోన్ నంబర్ కూడా తీసుకోలేదు.

నాది ఆరేళ్ళ పాత హ్యాచ్‌బ్యాక్, 1197 సీసీ. కొన్నప్పటి నుంచి ఒక్క క్లెయిమ్ కూడా లేదు కాబట్టి నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 50 శాతానికి చేరింది, అంతకంటే పైకి పోదు, అదే చివరి మెట్టు. గ్యారేజీలో బిల్లు మొత్తం 19,000 అయింది. బంపర్ 7,000, ల్యాంప్ 4,000, డిక్కీ సొట్ట తీసి పెయింటింగ్ చేయడానికి 8,000. పార్టుల పాతదనానికి కోత పెట్టకుండా ఇచ్చే జీరో డెప్ కవర్ లేదు నాకు, అందుకని ప్లాస్టిక్ పార్టులకి సగం కోత, పెయింట్ మెటీరియల్లో కొంత కోత, ఆ పైన 1500 సీసీ లోపు కార్లకి ఎలాగూ తప్పని కంపల్సరీ డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే పెట్టుకోవాల్సిన 1,000, అన్నీ పోను ఇన్సూరెన్స్ ఇచ్చింది 11,900. మిగతా 7,100 నా జేబులోంచే. అప్పటికి కూడా పర్లేదులే, పెద్ద మొత్తం వాళ్ళే ఇచ్చారు కదా అనుకున్నా.

మార్చిలో రెన్యువల్ నోటీస్ వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది. అంతకుముందు ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన కారు నష్టానికి కట్టేది) 10,000లో సగం బోనస్ కింద పోయి 5,000, థర్డ్ పార్టీ (మనవల్ల ఇతరులకి జరిగే నష్టానికి కట్టేది) 3,416, రెండిటిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 9,931 కట్టాను. ఈసారి బోనస్ సున్నా. 15,831 కట్టమని వచ్చింది. కంప్యూటర్ తప్పేమో అనుకుని మా బావకి ఫోన్ చేశా, ఆయన చాలా ఏళ్ళుగా ఇన్సూరెన్స్ ఏజెంట్.

"బావా, తప్పు నాది కాదు కదా, సిగ్నల్లో ఆగి ఉన్నాను కదా" అన్నా.

"ఒరేయ్, దాని పేరేంటో ఒకసారి చదువు. నో క్లెయిమ్ బోనస్. తప్పెవరిదని అందులో ఎక్కడైనా ఉందా? నువ్వు నీ పాలసీ మీద డబ్బు తీసుకున్నావు, బోనస్ పోయింది, అంతే" అన్నాడు.

నాకు నిజంగా కోపం వచ్చింది, ఇప్పటికీ ఇది అన్యాయమే అంటాను. ఎందుకంటే ఇది అన్నిచోట్లా ఇలా లేదు. మా పెద్దమ్మ కొడుకు కాలిఫోర్నియాలో ఉంటాడు, అక్కడ 1988లో జనం ఓటేసి తెచ్చుకున్న ప్రొపొజిషన్ 103 అనే చట్టం ఉంది, యాక్సిడెంట్‌లో ప్రధానంగా తప్పు నీది కాకపోతే దాన్ని సాకుగా చూపించి ప్రీమియం పెంచడానికి, గుడ్ డ్రైవర్ డిస్కౌంట్ తీసేయడానికి కంపెనీకి వీల్లేదు. మన దగ్గర ఆ ప్రశ్నే ఎవరూ అడగరు. గుద్దినవాడు గుద్దించుకున్నవాడు ఇద్దరూ ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ చేస్తే ఇద్దరికీ సున్నానే.

ఆ సున్నా ఒక్క ఏడాదితో పోదు, అది నాకు ఇంకా ఆలస్యంగా అర్థమైంది. మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి, క్లెయిమ్ లేని ఒక ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, అప్పుడు మళ్ళీ 50. బావ కాగితం మీద వేసి చూపించాడు: 10,000 ప్రీమియం మీద మొదటి ఏడాది 5,000 ఎక్కువ, రెండో ఏడాది 3,000, తర్వాత 2,500, 1,500, 500, మొత్తం 12,500, జీఎస్టీ కలిపితే 14,750. నాకు వచ్చిందేమో 11,900! కారు విలువ, అదే ఐడీవీ, ఏటేటా తగ్గుతుంది కాబట్టి ప్రీమియం కూడా తగ్గి ఈ లెక్క కొంచెం కిందికి రావచ్చు, అయినా దాదాపు వచ్చినంతా తిరిగి కట్టేస్తున్నట్టే కదా. మధ్యలో ఇంకో క్లెయిమ్ చేశానంటే మళ్ళీ సున్నా. ఒక్క మాట మాత్రం, బోనస్ ఓన్ డ్యామేజ్ భాగానికే ఉంటుంది, థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించేది, క్లెయిమ్ చేసినా చేయకపోయినా అది మారదు.

ఇంకో కంపెనీకి మారిపోతే పాత క్లెయిమ్ కనపడదు కదా అని ఆఫీసులో ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయకండి. కొత్త కంపెనీ పాతవాళ్ళని అడిగి కన్ఫర్మ్ చేసుకుంటుంది, అబద్ధం చెప్పి బోనస్ తీసుకున్నామని తేలితే రేపు పెద్ద యాక్సిడెంట్ అయినప్పుడు క్లెయిమే రిజెక్ట్ కావచ్చు.

మరి ఏం చేయాల్సింది అంటే, నా డ్యామేజీకి డబ్బు రావాల్సింది ఆ క్యాబ్ థర్డ్ పార్టీ పాలసీ నుంచి. ప్రతి బండికీ అది తప్పనిసరి, క్యాబ్ లాంటి కార్లకైతే అవతలివాళ్ళ ఆస్తికి జరిగిన నష్టానికి ఏడున్నర లక్షల దాకా కవర్ ఉంటుంది. దానికోసం పోలీస్ కంప్లైంట్ ఇచ్చి, మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. చట్టంలో దారి ఉంది కానీ ఒక బంపర్ కోసం వాయిదాల చుట్టూ తిరగడం ఎవరివల్ల అవుతుంది? అందుకే అందరూ నాలాగే సొంత పాలసీ మీద క్లెయిమ్ చేసి బోనస్ పోగొట్టుకుంటున్నారు. మనుషులకి దెబ్బలు తగిలితే మాత్రం అది వేరే సంగతి, అప్పుడు ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి కంప్లైంట్ ఇవ్వాల్సిందే, ట్రిబ్యునల్‌కి వెళ్ళాల్సిందే.

బావ చెప్పిన దాంట్లో నాకు బాగా పనికొచ్చింది ఏంటంటే, రోడ్డు మీద నుంచి కదలకముందే అవతలి బండి నంబరు, డ్రైవర్ లైసెన్స్, పాలసీ కాగితం ఫొటోలు తీసుకోవాలి, బండికి ఇన్సూరెన్స్ ఉందో లేదో ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో నంబరు కొడితే అక్కడే తెలిసిపోతుంది. అవి చేతిలో ఉంటే ఎదుటివాళ్ళు కూడా కూర్చుని మాట్లాడతారు. తర్వాత గ్యారేజీలో ఎస్టిమేట్ వేయించి, కోతలు పోను మనకి వచ్చేదెంత, పోయే బోనస్ ఎంత అని పక్కపక్కన రాసుకుని అప్పుడు క్లెయిమ్ ఫోన్ చేయాలి. ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) ప్రొటెక్ట్ అని, పాలసీకి అదనంగా డబ్బు కట్టి తీసుకునే యాడ్ ఆన్ కూడా ఉంది, అది తీసుకుంటే క్లెయిమ్ చేసినా బోనస్ నిలబడుతుంది, కాకపోతే ఏడాదికి ఎన్ని క్లెయిమ్‌ల దాకా అనేది కంపెనీని బట్టి మారుతుంది, ఆ షరతు చదివే తీసుకోండి. బోనస్ 50లో ఉన్నవాళ్ళకి అది దండగ ఖర్చు కాదని నా అభిప్రాయం.

ఆ క్యాబ్ అబ్బాయి మీద నాకు కోపం లేదు. రాత్రంతా నిద్ర లేకుండా నడిపితే ఎవరికైనా కన్ను మూతపడుతుంది, ఆ రోజు ముందు నా కారు కాకుండా స్కూటర్ మీద ఎవరైనా ఉండి ఉంటే అని తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

మొన్న దీపావళి ముందు అమీర్‌పేట్‌లో పార్కింగ్‌లో ఉన్న నా కారుకి ఒకాయన రివర్స్ తీస్తూ డోర్ గీరేశాడు. ఈసారి మాత్రం అక్కడే నిలబడి ఆయన కాగితాలన్నీ ఫొటోలు తీసుకుని, నా బోనస్ లెక్క కూడా ఆయనకి వివరంగా చెప్పా. పెద్దమనిషి, శ్రద్ధగా విన్నాడు, నాతో గ్యారేజీ దాకా వచ్చి 4,500 ఆయనే కట్టాడు. వచ్చే నెల నా రెన్యువల్, 20 శాతం మెట్టు ఎక్కుతున్నా.