అద్దె స్టోరేజ్ గదిలో సామాను సర్దేటప్పుడు

సామాను పాడయ్యేది ఎక్కువగా తేమ వల్లే. ముందు నేల మీద చెక్క ప్యాలెట్లు పరచండి, గోడలకు నాలుగు వేళ్ల సందు వదలండి. ఫ్రిజ్‌ని తుడిచి, బాగా ఆరబెట్టి, తలుపు కాస్త తెరిచి ఉంచాలి. మూసేస్తే లోపల బూజు ఖాయం. చెక్క ఫర్నిచర్‌కి ప్లాస్టిక్ బిగించి చుట్టొద్దు, చెమ్మ లోపలే నిలిచిపోతుంది. పాత దుప్పటి కప్పితే చాలు.

అట్టపెట్టెలు ఒకే సైజువైతే వరస నిలబడుతుంది. పుస్తకాలు చిన్న పెట్టెల్లో, 15 కిలోలు దాటకుండా. సగం ఖాళీగా ఉన్న పెట్టె పైబరువుకు కుంగి వరసంతా ఒరుగుతుంది. సందుల్లో బట్టలు కుక్కండి. లోపలేముందో పక్కన రాయండి, పేర్చాక పైమూత కనబడదుగా! మధ్యలో రెండడుగుల దారి తప్పనిసరి. చోటు దండగనిపిస్తుంది గానీ, అది లేకపోతే వెనకున్న ఒక్క పెట్టె కోసం గదంతా ఖాళీ చెయ్యాలి.